రాత్రి పదకొండు దాటాక రెండో సంతకం



మన పేట కుర్రాడొకడు ఫోన్ యాప్‌లో పందేలు కాసి ఏం పోగొట్టుకున్నాడో మీకు మళ్ళీ చెప్పక్కర్లేదు. మూడు వారాలుగా పంపు దగ్గరా, మిర్చియార్డుకి ఆటో ఎక్కేటప్పుడూ అందరి నోటా అదే మాట. ఆ మాట్లాడుకునే తీరే నాకు మింగుడుపడలేదు. అందుకే నా పెన్షన్ డబ్బులతో ఈ కాగితం అచ్చు వేయించాను.

"వాడికి ఒళ్ళు కొవ్వెక్కింది" అంటున్నారు. "తల్లి ఎండుమిరప తొడిమలు తీసి చేతులు మండించుకుంటుంటే వీడు పందేలు కాశాడు" అంటున్నారు. తల్లి చేతులు మండే మాట నిజమే. గేదెను కొందామని, మన పొదుపు సంఘం రుణంలో తన వాటా 70,000 కొడుకు ఖాతాలో ఉంచింది. అందులో 68,400 ఒక్క రాత్రిలో పోయాయి. సంఘం లెక్కలు నేనే రాస్తాను కాబట్టి ఆ తల్లి బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. నాలుగుసార్లు చదివాను. పిల్లవాడు ఒప్పుకున్నాడు కాబట్టి మీకూ చదివి వినిపిస్తున్నాను.

ఆ సాయంత్రం కానిస్టేబుల్ ఎంపిక జాబితా వచ్చింది. వీడి పేరు లేదు. వీడితో ఒకే గదిలో చదివిన ఇద్దరి పేర్లూ ఉన్నాయి. తండ్రి ఒక్క మాటా అనలేదు, లేచి బయటికి వెళ్ళిపోయాడు. వీడు అన్నం ముట్టకుండా డాబా మీదికి పోయి పడుకున్నాడు. 12.10కి మొదటి 500 కట్టాడు. పావుగంటకి 1,800 తిరిగొచ్చాయి. అవి రాకుండా ఉంటే ఎంత బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. 12.40 నుంచి వెయ్యి, వెయ్యి, రెండు వేలు. 1.05కి ఆగింది. 1.27 దాకా ఏమీ లేదు. 1.27కి ఒకేసారి ఐదు వేలు. అక్కడినుంచి ఆగలేదు. 2.36కి ఏదో రుణయాప్ నుంచి 6,000 జమ, 2.38కి ఆ ఆరు వేలూ ఖర్చు. ఆఖరిది 3.40కి.

మధ్యలో ఆ ఇరవై రెండు నిమిషాలు చూశారా? "అప్పుడేం చేశావురా?" అని అడిగాను. మంచినీళ్ళకి కిందికి దిగాడట. వాళ్ళమ్మ అలికిడికి కదిలి, "ఏరా, నిద్ర పట్టలేదా?" అందట. "దాహమేసిందమ్మా" అన్నాడు. కుండ దగ్గర కాసేపు నిలబడ్డాడు. అప్పటికి పోయింది ఐదు వేలు కూడా లేదు. "చెప్పేద్దామనిపించింది టీచరమ్మా. పొద్దున్న చెబుదాంలే, ఈలోపు రాబట్టేద్దాం అనుకున్నా" అన్నాడు.

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. బుద్ధి లేనివాడి మాట అది కాదని నాకు తెలుసు. వాడికి తప్పు తెలుసు, తల్లి కష్టం తెలుసు, ఆ యాప్ మోసమనీ తెలుసు. తెలిసినా చెయ్యి ఆగలేదు. మనసు కుంగినప్పుడు మనిషికి జరిగేదే ఇది. ఉన్న బాధ ఒక్క క్షణం మరిచిపోతే చాలనిపిస్తుంది. రేపు దానికి చెల్లించాల్సింది ఎంతైనా చిన్నదిగానే కనబడుతుంది. ఒకసారి తప్పు జరిగాక "ఎలాగూ పోయిందిగా" అనే మాట తోడవుతుంది. ఆ మాట చేసినంత నష్టం మొదటి 500 చెయ్యలేదు.

మనలో ఎవరికి లేదీ జబ్బు? దిగులుపడ్డ రోజున బీపీ మాత్ర మానేసేవాళ్ళు లేరా? కోపంలో అన్నగారికి ఫోన్ చేసి, పదేళ్ళపాటు అతకని మాట అనేసినవాళ్ళు లేరా? గొలుసు పట్టుకుని ఫైనాన్సు దగ్గరికి పరుగెత్తినవాళ్ళూ, మొగుడి మీద అలిగి మూడు రోజులు పస్తున్నవాళ్ళూ లేరా? సీసా సంగతి చెప్పనే అక్కర్లేదు. పగటిపూట వీళ్ళంతా బుద్ధిమంతులే. మన పనులు మనల్నే తినే గంట ఒకటుంటుంది. ఆ గంటలో మన చేతికి ఏం అందుతుందన్నదే అసలు సంగతి.

సభాపర్వం తెలియని తెలుగువాడు లేడు. ధర్మరాజుకి ధర్మం ఎవరు నేర్పాలి? మొదటి జూదంలో పోయినదంతా ద్రౌపది పుణ్యమా అని తిరిగొచ్చింది. ఇంద్రప్రస్థానికి బయల్దేరినవాణ్ణి దారిలోంచే వెనక్కి పిలిచారు. వెళ్ళాడు, మళ్ళీ కూర్చున్నాడు, అడవిపాలయ్యాడు. విదురుడు చెప్పాడా అంటే, చెప్పాడు. నిండు సభలో చెప్పాడు. చెబితే ఆగేదైతే అక్కడే ఆగాలి. పాచికలు దాచేసినవాడు మాత్రం ఆ సభలో ఒక్కడూ లేడు.

ఇప్పుడు మన సంఘం ఖాతా సంగతి చూడండి. పదిమంది ఆడవాళ్ళం. ఇన్నేళ్ళలో ఒక్క రూపాయి ఎందుకు పోలేదు? మనందరం దేవతలమనా? పొదుపు డబ్బు తియ్యాలంటే మీటింగు పెట్టాలి, తీర్మానం రాయాలి, ఒకటో లీడరూ రెండో లీడరూ సంతకాలు చెయ్యాలి, ఆ తర్వాత పుస్తకం చంకన పెట్టుకుని బ్యాంకు మెట్లెక్కాలి. కిందటి శ్రావణంలో మన ఒకటో లీడరు కూతురి పెళ్ళి తప్పిపోయినప్పుడు ఆమె ఎంత కుంగిపోయిందో నాకు తెలుసు. ఆ రాత్రి సంఘం డబ్బు ఆమె ఒక్కదాని వేలికింద ఉండి ఉంటే ఏమయ్యేదో ఆమే నాతో అంది. రెండో సంతకం ఆమెను కాపాడింది. మనందరినీ అదే కాపాడుతోంది. పదిమంది డబ్బుకి ఇంత కాపలా పెట్టుకున్న మనం, అదే డబ్బు మన వాటాగా మన ఫోన్‌లోకి రాగానే నాలుగంకెల పిన్‌కి అప్పజెప్పి నిద్రపోతున్నాం.

నేను అడిగేది ఒక్కటే. రాత్రి పదకొండు నుంచి పొద్దున్న ఆరు దాకా, ఎవరు కోరుకుంటే వాళ్ళ ఖాతాకి రెండో సంతకం కావాలి. మనసు నిలకడగా ఉన్న పగటిపూట నా చేత్తో నేనే వేసుకునే తాళం అది. రాత్రి నాకై నేను తీద్దామన్నా రాకూడదు. నేను ఎంచుకున్న రెండో మనిషి సరే అంటేనే రావాలి. లేదంటే తెల్లారాలి.

ఇది కుదరదని బ్యాంకువాళ్ళు చెప్పారు. రెండు బ్యాంకులకు వెళ్ళాను. ఒకచోట నవ్వారు. ఇంకోచోట "మీ అబ్బాయికి మీరు చెప్పుకోవాలి మేడం" అన్నారు. ఆ మాట విన్నాక ఇక మెత్తగా మాట్లాడే ఓపిక నాకు లేదు.

కుదరదా? కార్డుని మనమే ఆపుకుని, మనమే పరిమితి పెట్టుకునే వీలు ఇచ్చితీరాలని రిజర్వ్ బ్యాంకు 2020లో చెబితే కుదిరింది కదా! కొత్త ఫోన్‌లో యూపీఐ పెట్టుకుంటే మొదటి 24 గంటలు 5,000 దాటి పంపనివ్వరు కదా! నెట్ బ్యాంకింగ్‌లో కొత్త పేరు చేరిస్తే ఎన్నో బ్యాంకులు కాసేపు ఆగమనవా? దొంగ వస్తాడేమోనని ఇన్ని ఆలస్యాలు పెట్టినవాళ్ళకి, నా చేతినుంచి నన్ను కాపాడే ఒక్క ఆలస్యం పెట్టడానికి ఏం అడ్డమొచ్చింది? రుణయాప్‌ల విషయంలో 2022లో రిజర్వ్ బ్యాంకే ఒప్పుకుంది, అప్పు తీసుకున్నవాడికి మనసు మార్చుకునే గడువు ఉండాలని. ఆ గడువులో అసలూ, వాడుకున్న రోజుల ఖర్చూ కట్టేసి, జరిమానా లేకుండా బయటపడొచ్చు. తొందరలో తీసుకున్న నిర్ణయాన్ని మనిషి మర్నాడు తానే కాదనుకుంటాడని పెద్ద బ్యాంకుకి తెలుసన్నమాట. మరి అప్పు తెచ్చుకున్నవాడికి ఉన్న గడువు, సొంత డబ్బు తగలేసుకునేవాడికి ఎందుకు లేదు? అర్ధరాత్రి రెండు దాటాక నిమిషానికొకసారి వేలకు వేలు ఒకే చోటికి పోతుంటే "ఆగు, పొద్దున్న చూద్దాం" అనలేని యంత్రం ఎవరి కోసం పనిచేస్తున్నట్టు?

"ఆ పందెం ఆటల్ని నిషేధించారు కదా" అంటారు. నిషేధించారు. తెలంగాణలో 2017లో, మన రాష్ట్రంలో 2020లో, దేశమంతటికీ 2025 ఆగస్టులో. అడిగినవాళ్ళకీ, ఆపినవాళ్ళకీ దండం పెడతాను. కానీ మన పిల్లవాడికి ఆ లింకు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఫోన్‌లోనే, ఓడినవాళ్ళు ఒకరి గోడు ఒకరు చెప్పుకునే గ్రూపులో వచ్చింది. జాబితా వచ్చిన సాయంత్రమే వచ్చింది. వేటగాడికి లేడి ఎప్పుడు కుంటుతుందో తెలుసు. ఈ పేరు మూస్తే ఆ పేరుతో తెరుస్తున్నారు. వాళ్ళవైపు ఎన్ని తలుపులు మూసినా, మనవైపు గడియ లేకపోతే లాభం లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు ఏం చేశారో మన అమ్మల తరానికి తెలుసు. మొగుళ్ళను కూర్చోబెట్టి నీతులు చెప్పడం వాళ్ళు అప్పటికే ఏళ్ళ తరబడి చేసి చూశారు. చివరికి లేచి సారా కొట్టు మూయించారు. ఊరూరా ఆ మంట అంటుకుంది, సారా వేలంపాటలు ఆగిపోయాయి, 1993లో సారాని నిషేధించక ప్రభుత్వానికి తప్పలేదు. కూలి డబ్బుతో ఇంటికొచ్చే మగవాడికి, అలసటా దిగులూ కమ్ముకున్న ఆ పొద్దుగూకే వేళ, దారిలో కొట్టు లేకపోవడమే మందు అని వాళ్ళకు తెలుసు. ఆ నెల్లూరు ఆడవాళ్ళే రోజుకొక రూపాయి పొదుపు మొదలుపెట్టారు. మన సంఘాలు ఆ చెట్టు నీడలో మొలిచినవే. 1995లో వచ్చిన పూర్తి మద్యనిషేధం రెండేళ్ళకే సడలింది కదా అని కొందరు గుర్తుచేస్తారు. సడలించింది సర్కారు, ఆ ఆడవాళ్ళు కాదు. ఈసారి కొట్టు మన దిండు కిందికే వచ్చింది. అంతే తేడా.

వయసొచ్చినవాడి ఫోన్ మీద మన పెత్తనమేమిటంటారా? తాళం వేసుకునేది వాడే. రెండో మనిషిని ఎంచుకునేదీ వాడే. మొగుడి పేరే రాయాలని ఏ ఆడదాన్నీ ఎవరూ బలవంతపెట్టకూడదు, చెల్లెల్ని రాసుకో, స్నేహితురాల్ని రాసుకో. రాత్రి ఆసుపత్రి ఖర్చు వస్తేనో అంటారా? రెండో మనిషికి ఫోన్ చెయ్యి. ఆసుపత్రికి ఒంటరిగా పోయే ఇల్లు మన పేటలో ఒక్కటీ లేదు.

బ్యాంకు కదిలేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. గేదె డబ్బు, ఫీజు డబ్బు, పెళ్ళి డబ్బు ఫోన్‌కి కట్టని వేరే ఖాతాలో ఉండాలి, పాసుపుస్తకంతోనే తీసేటట్టు. ఫోన్ ఖాతాలో రెండు వేలకు మించి ఉంచొద్దు. దిగులుగా ఉన్న రోజున ఫోన్ వంటింట్లో చార్జింగుకి పెట్టి, పడక ఇంకోచోట వేసుకోవాలి. డాబా మీద ఒంటరి పడక అసలు వద్దు. చెయ్యి లాగినప్పుడు "అరగంట ఆగుతాను" అని గట్టిగా అనుకుని ఎవరో ఒకరి పక్కన కూర్చోవాలి. తాగుడు వదలలేనివాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేసిన అలన్ మార్లట్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఈ లాగుడిని కెరటంతో పోల్చాడు. అది లేస్తుంది, ఎత్తుకు పోతుంది, దానంతటదే విరుగుతుంది. మనం దాంతో కుస్తీ పట్టనక్కర్లేదు, విరిగేదాకా మునగకుండా ఉంటే చాలు. కోపపు ఫోన్‌కీ, గొలుసు తాకట్టుకీ, అలిగి మానేసే మాత్రకీ కూడా ఈ అరగంట పనిచేస్తుంది. నా మీద నేనే చూశాను, మా ఆయన పోయిన ఏడాది.

తెల్లారాక లేవబుద్ధి కాకపోయినా లేవాలి. మనసు బాగుపడ్డాక లేద్దామనుకుంటే ఆ పడక వదలదు. మొహం కడుక్కుని, నాలుగు ముద్దలు తిని, వీధి చివరి కొట్టుదాకా నడిచొస్తే కెరటం ఎత్తు కొంత తగ్గుతుంది. రెండు వారాలైనా దిగులు వదలకపోతే వైద్యుణ్ణి చూడాలి. ఎవరైనా "ఇక బతకాలని లేదు" అంటే నాటకమని కొట్టిపారెయ్యకండి, ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అంటారు దాన్ని, డబ్బులడగరు, రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడతారు.

మన పిల్లవాడు మొన్నటిదాకా గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. చుట్టాలు వచ్చి తలుపు దగ్గర నిలబడి మాటలంటున్నారు. అనకండి. తిట్టు పడ్డ ప్రతిసారీ వాడికి మళ్ళీ ఆ డాబా గుర్తొస్తుంది. నిన్న వాడు లేచి నా దగ్గరికి వచ్చాడు. యూపీఐలో పరిమితి ఎక్కడ తగ్గించాలో, కార్డు ఎలా ఆపుకోవాలో నాకు చూపించాడు. ఒక్కో బ్యాంకుకి ఒక్కోలా ఉందట, కాగితం మీద అన్నీ రాసిచ్చాడు.

వచ్చే శుక్రవారం సాయంత్రం ఆరింటికి, రామాలయం పక్కన సంఘం అరుగు మీద కలుద్దాం. ఫోన్లూ పాసుపుస్తకాలూ తెచ్చుకోండి. పిన్ మాత్రం ఎవరికీ చెప్పొద్దు, నాకూ చెప్పొద్దు. ఒక్కొక్కరి పరిమితి అక్కడే తగ్గిద్దాం. రిజర్వ్ బ్యాంకుకీ, మన జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకీ పంపే అర్జీ రాసిపెట్టాను. దాని కింద మీ సంతకాలు కావాలి. మీ ఇంట్లో జాబితాలో పేరు రాని పిల్లలుంటే వాళ్ళని వెంటబెట్టుకు రండి, ముందు టీ ఇద్దాం. ఫోన్లలో పరిమితి పెట్టే పని ఆ అబ్బాయే చేస్తానన్నాడు. నా పక్కన కుర్చీ వేసి ఉంచుతాను.

— మీ సంఘం లెక్కలు రాసే టీచరమ్మ