బండి తాళమిస్తే రేసర్ అయిపోడు

పెళ్లిళ్లలో, సీమంతాల్లో నలుగురు తల్లులు ఒకచోట చేరితే ఈమధ్య ఒక కొత్త గొప్ప వినిపిస్తోంది. "మావోడు మదనపల్లెలో బండెక్కితే ఇరవై నిమిషాల్లో పుంగనూరులో దిగతాడు వదినా, రేసరే అనుకో!" వాడేం చదువుతున్నాడని అడిగితే ఇంటర్ మొదటి సంవత్సరం. అంటే పదహారేళ్లు. లైసెన్స్ లేదు, హెల్మెట్ లేదు. తల్లి ముఖంలో మాత్రం వెలుగు.

నా కోపం ఆ 'రేసర్' అనే మాట మీద. రేసర్ ఎలా తయారవుతాడో ఎవరైనా ఒక్కసారి ఆలోచించారా?

మనకు దగ్గరివాడినే తీసుకుందాం. నరేన్ కార్తికేయన్. కోయంబత్తూరులో స్థిరపడిన, తెలుగు మూలాలున్న నాయుళ్ల కుటుంబం. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ ర్యాలీల్లో జాతీయ ఛాంపియన్. ఇంట్లోనే అంత వేగం ఉన్నా, ఆ తండ్రి కొడుకును రోడ్డు మీదికి వదిలేసి చూసి మురిసిపోలేదు. నరేన్ పోటీలు మొదలైంది శ్రీపెరంబుదూర్ ట్రాక్ మీద, ఫార్ములా మారుతీ కార్లతో. 1992లో, పదిహేనేళ్ల వయసులో, ఫ్రాన్స్‌లోని రేసింగ్ స్కూలుకు వెళ్లి శిక్షణ తీసుకున్నాడు. తర్వాత ఇంగ్లండ్‌లో చిన్న ఫార్ములాలు. 1996లో ఫార్ములా ఆసియా ఛాంపియన్. 2001లో జాగ్వార్ జట్టు కారులో పరీక్షకు కూర్చుని, ఫార్ములా వన్ కారు నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. చివరికి 2005 మార్చిలో ఆస్ట్రేలియాలో జోర్డాన్ జట్టు తరఫున మొదటి ఫార్ములా వన్ పోటీ.

లెక్కేయండి. ఫ్రాన్స్ స్కూలు నుంచి అక్కడికి 13 ఏళ్లు. అప్పటికి అతని వయసు 28. ఒక్కో మెట్టూ ఎక్కాడు, ఎక్కిన ప్రతి మెట్టు దగ్గరా పరీక్ష పెట్టేవాళ్లున్నారు. మన పిల్లోడికి మాత్రం పదో తరగతి ఫలితాలొచ్చిన రోజే మేనమామ బండి కొనిపెడతాడు. అదే శిక్షణ, అదే అర్హత!

ఇంకో మాట. రేసంటే అడ్డూ అదుపూ లేని వేగం అనుకుంటున్నారు. ఫార్ములా వన్‌లో కూడా వేగానికి హద్దుంది. టైర్లు మార్చుకోవడానికి కార్లు వచ్చే దారిని పిట్ లేన్ అంటారు. అక్కడ మామూలుగా గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు, దాటితే జరిమానా. ఎందుకు? అక్కడ మనుషులు పనిచేస్తుంటారు కాబట్టి. పసుపు జెండా ఊపితే వేగం తగ్గించాలి, ముందు కారును దాటకూడదు. ట్రాక్ పక్కన డాక్టర్లు, వైద్య వాహనం సిద్ధంగా లేకుంటే పోటీ మొదలే కాదు.

మరి మన దారి సంగతి? మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ 42వ జాతీయ రహదారి మీది ఊళ్లే. టమోటా లోడు లారీలు, పాలక్యాన్లు కట్టిన బండ్లు, బడి వదిలాక సైకిళ్ల మీద పిల్లలు, మేతకు పోయే ఆవులు, రోడ్డు దాటడానికి చెయ్యి అడ్డం పెట్టి నిలబడే ముసలమ్మలు. మన దారి పొడుగునా పిట్ లేనే! ఇక్కడ వేగంగా పోయేవాణ్ణి రేసర్ అంటే, అది నిజమైన రేసర్లకు అవమానం.

2015లో మాక్స్ వెర్‌స్టాపెన్ 17 ఏళ్లకే ఫార్ములా వన్‌లో దిగాడు. అంత ప్రతిభావంతుణ్ణి చూశాక కూడా నియమాలు రాసే పెద్దలు మురిసిపోలేదు. 2016 నుంచి 18 ఏళ్లు నిండాలనీ, మామూలు రోడ్డు లైసెన్స్ కూడా చేతిలో ఉండాలనీ నిబంధన పెట్టారు. ఫార్ములా వన్ వాళ్లకు అక్కరకొచ్చిన లైసెన్స్ మన బజారు వీధిలో అక్కర్లేదా?

"కాలేజీకి ఎట్ల పోతాడు?" అంటారు. బస్సులో పోతాడు, వాళ్ల నాన్న పోయినట్టే. "వాడికి టాలెంట్ ఉంది, తొక్కేస్తామా?" అంటారు. ఉంటే ట్రాక్‌కు తీసుకెళ్లండి. కుప్పంలో రైలెక్కితే చెన్నై ఒక పూట ప్రయాణం. "అంత డబ్బు మాకెక్కడిది?" అంటే, అది నిజమే. రేసింగ్ డబ్బున్నవాళ్ల ఆట. నరేన్ వెనక కలిగిన కుటుంబముంది, టాటా లాంటి సంస్థలున్నాయి. వట్టి పట్టుదలతో ఎవరూ అక్కడికి చేరలేదు. ఆ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పండి. ట్రాక్ అందలేదు కాబట్టి రోడ్డునే ట్రాక్ చేసుకుంటామనడం మాత్రం న్యాయం కాదు. ఆ రోడ్డు మీద నడిచే కూలి మనిషి మన పిల్లోడి సరదాలో పాలు పంచుకుంటానని చెప్పలేదు కదా.

చట్టం సంగతీ తెలుసుకోండి. 16 ఏళ్లవాళ్లకు 50 సీసీ దాటని బండికి మాత్రమే, అదీ లైసెన్స్‌తోనే, అనుమతి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే శిక్ష తల్లిదండ్రులకో బండి యజమానికో పడుతుంది. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లోడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్స్ రాదు. మేనమామ ముచ్చట పడి కొన్న బండికి జైలుకు పోవాల్సింది అమ్మానాన్నలే!

మా ఇంట్లోనూ ఈ గొడవ ఉంది. పద్దెనిమిది నిండి, లైసెన్స్ వచ్చేదాకా బండి మాటెత్తొద్దని మావాడికి చెప్పేశాను. "నువ్వు పిరికిదానివమ్మా" అంటాడు, మూతి ముడుస్తాడు, రెండు రోజులు మాట్లాడడు. మాట్లాడకపోయినా పర్లేదు, రాత్రి పూట ఇంట్లో ఉన్నాడు కదా!

పూర్వం తాళంచెవుల గుత్తి ఇల్లాలి నడుముకే ఉండేది. అది పెత్తనం కాదు, బాధ్యత. వదినలూ, అక్కలూ, బీరువా తాళం పోయినా పర్లేదు గానీ బండి తాళం మాత్రం భద్రంగా దాచండి.