ఆరింటి షిఫ్ట్‌కి వెళ్లే సైకిల్‌కి దారేది?

మన హైదరాబాద్ రోడ్ల మీద ఇప్పుడు సైకిళ్లు రెండు రకాలు.

మొదటిది ఆదివారం సైకిల్. హెల్మెట్, గ్లవ్స్, చేతికి స్మార్ట్‌వాచ్, రైడ్ అయ్యాక ఇడ్లీ బండి దగ్గర గ్రూప్ ఫొటో. రెండోది రోజువారీ సైకిల్. హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా, వెనక క్యారియర్ మీద సంచి. లైటు ఉండదు, బెల్లు మోగితే గొప్ప. పొద్దున ఆరింటి షిఫ్ట్‌కి వెళ్లే సెక్యూరిటీ గార్డుది, హోటల్లో వంట చేసే ఆయనది, ఇంటింటికీ పేపర్ వేసే కుర్రాడిది, స్కూల్‌కి వెళ్లే పిల్లలది.

నాది మొదటి రకం. అయినా సరే, 'సిటీకి సైకిల్ ట్రాకులు కావాలి' అని మనం ప్లకార్డు పట్టుకుంటే అది ముందుగా రెండో రకం కోసమే పట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్తా, ఓ ఐదు నిమిషాలు స్క్రోల్ ఆపండి.

ట్రాక్ ఉంది, అక్కడికి దారి లేదు

ట్రాక్ అనగానే ఎవరో ఒకరు 'ఓఆర్ఆర్ పక్కన వేశారుగా బ్రో' అంటారు. వేశారు. 2023 అక్టోబర్ 1న మొదలైంది. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర. వెడల్పు నాలుగున్నర మీటర్లు. నెత్తిన 16 మెగావాట్ల సోలార్ ప్యానెళ్లు. దక్షిణ కొరియాలో హైవే మధ్య ఉన్న సోలార్ ట్రాక్‌ని చూసి తెచ్చుకున్న ఆలోచన. నేనూ తొక్కాను. నెత్తిన ఎండ పడదు, వెనక నుంచి లారీ రాదు. నిజంగా బాగుంటుంది.

అయితే ఒకసారి దాని ఎంట్రన్స్ దగ్గర నిలబడి చూడండి. చాలా సైకిళ్లు కారు వెనక ర్యాక్‌కి కట్టుకుని వస్తాయి. ఇంటి నుంచి అక్కడిదాకా తొక్కుకుంటూ రావడానికి భయం. అంటే సైకిల్ తొక్కడానికి ముందు కారు ఉండాలి! వ్యాయామానికి ఆ ట్రాక్ సూపర్. పనికి వెళ్లే మనిషికి మాత్రం అది ఇంటి దగ్గర మొదలవదు, డ్యూటీ దగ్గర ఆగదు.

మరి పనికి సైకిల్ మీద వెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారా? 2011 జనాభా లెక్కల్లో 'పనికి ఎలా వెళ్తారు' అని అడిగారు. వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాకుండా మిగతా పనులు చేసేవాళ్లలో దేశం మొత్తం మీద సుమారు 13 శాతం మంది సైకిల్ అన్నారు. కారు అన్నవాళ్లు 3 శాతం లోపే. ఆ తర్వాత స్కూటీలు, బైకులు బాగా పెరిగాయి, నిజమే. కానీ రోడ్డు డిజైన్ చేసేటప్పుడు ఆ 3 శాతాన్ని చూసినంత శ్రద్ధగా ఈ 13 శాతాన్ని ఎవరూ ఏనాడూ చూడలేదు.

ముందు లెక్క, తర్వాత ర్యాలీ

ర్యాలీ ఈజీ. టీషర్టులు కొట్టిస్తాం, ఎవరో ఒక లీడర్ జెండా ఊపుతారు, రీల్ పెడతాం. సోమవారం పొద్దునకి రోడ్డు ఎలా ఉందో అలాగే ఉంటుంది.

ఆఫీసులో ఎవరైనా వచ్చి 'యాప్ బాలేదు' అంటే మనం ఏం చేస్తాం? టికెట్ పక్కన పడేస్తాం. 'ఈ స్క్రీన్‌లో, ఈ బటన్ నొక్కితే, ఈ ఎర్రర్ వస్తోంది' అని స్టెప్పులు రాస్తేనే ఎవరైనా పట్టించుకుంటారు. మున్సిపల్ ఇంజినీర్ కూడా మనలాంటి ఇంజినీరే. 'సిటీని సైకిల్ ఫ్రెండ్లీ చేయండి' అనే వినతిపత్రం ఆయనకి 'యాప్ బాలేదు' లాంటిది.

అందుకే మా ఏరియాలో ఓ పది మందిమి కలిసి ఒకే ఒక్క రోడ్డు తీసుకున్నాం. మెయిన్ రోడ్డు నుంచి స్కూలు, ఆ పైన చిన్న ఫ్యాక్టరీలు ఉన్న వైపు వెళ్లే రోడ్డు. ఇద్దరేసి చొప్పున పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా జంక్షన్‌లో నిలబడి నోట్‌బుక్‌లో గీతలు గీశాం. మగవాళ్లు, ఆడవాళ్లు, స్కూల్ పిల్లలు, ఎటు నుంచి ఎటు, సరైన పక్కనా, రాంగ్ సైడా. యాప్ ఏమీ అక్కర్లేదు, పెన్ను చాలు.

ఆదివారం రైడర్లు ఆ నోట్‌బుక్‌లో దాదాపు లేరు. ఉన్నదంతా డ్యూటీ మనుషులు, యూనిఫాం పిల్లలు. ఇంకోటి, రాంగ్ సైడ్ కాలమ్ నిండిపోయింది. వీళ్లకి డిసిప్లిన్ లేదు అనుకుంటాం కదా? ఒక పెద్దాయన సైకిల్ ఆపి, "ఏం సర్వే తమ్ముడూ?" అని అడిగారు. విషయం చెప్పి, రాంగ్ సైడ్ ఎందుకొస్తున్నారని అడిగాం. "అవతలి పక్కకి పోవాలంటే యూటర్న్ అంత దూరంల ఉంది. బండికైతే పెట్రోలు కాలుతది, నాకైతే కాళ్లు కాలుతయి" అన్నారు.

జంక్షన్లు మూసేసి యూటర్న్‌లు పెట్టడం ఈ మధ్య మన సిటీలో బాగా పెరిగింది. బండి మీద ఒక నిమిషం ఎక్స్‌ట్రా. సైకిల్ మీద వెళ్లేవాళ్లు ఆ దూరమంతా బస్సుల మధ్య తొక్కాలి, పైగా రోడ్డు మధ్యలోకి జరిగి తిరగాలి. రాంగ్ సైడ్ అంచున వెళ్లడమే వాళ్లకి తక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది. కాబట్టి ఆ రోడ్డుకి అసలు అవసరం ట్రాక్ కన్నా ముందు, జంక్షన్ దగ్గర సైకిల్ దిగి నడిపించుకుంటూ దాటే ఒక గ్యాప్. ఇది లెక్క పెడితేనే తెలిసింది.

ఈ రోడ్డు ఎవరిది బాస్?

తర్వాతి లెవెల్ ఇది. మన కంటికి రోడ్డు ఒక్కటే. కాగితం మీద మాత్రం ఓనర్లు చాలామంది. రోడ్డు మున్సిపల్ కార్పొరేషన్‌దో ఆర్ అండ్ బీదో కావచ్చు. మ్యాన్‌హోల్ వాటర్ బోర్డుది. కరెంటు స్తంభం విద్యుత్ సంస్థది. సిగ్నల్, పార్కింగ్ ట్రాఫిక్ పోలీసులవి. కంటోన్మెంట్ అయితే మళ్లీ వేరే కథ. తప్పు డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చిన లెటర్ అక్కడే నిద్రపోతుంది.

దీనికి మందు ఆర్టీఐ. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సినవి సింపుల్: ఈ రోడ్డు ఎవరి పరిధిలో ఉంది? కాగితం మీద మొత్తం వెడల్పు ఎంత? మళ్లీ ఎప్పుడు వేస్తారు, ఆ పని డ్రాయింగ్ కాపీ ఇస్తారా? వేసిన కాంట్రాక్టర్ ఎన్నేళ్ల దాకా రిపేర్లు చేయాలి? ఇందులో మూడోది బంగారం. రోడ్డు మళ్లీ వేసేటప్పుడు సైకిల్‌కి చోటు ఇవ్వడం తేలిక. వేసేశాక తవ్వమంటే ఎవరూ వినరు.

లెటర్‌లో కొలతలు రాయండి. ఒక సైకిల్ ఇంకో సైకిల్‌ని దాటాలంటే కనీసం రెండు మీటర్లు కావాలి. బస్ స్టాప్ దగ్గర ట్రాక్ షెల్టర్ వెనక నుంచి వెళ్లాలి, లేకపోతే ప్రతి బస్సూ ట్రాక్ మీదే ఆగుతుంది. ఫ్రీ లెఫ్ట్ దగ్గర బండ్లు స్లో అయ్యేలా మలుపు టైట్‌గా ఉండాలి. రంగు మాత్రమే పూసిన ట్రాక్ వారంలో పార్కింగ్ అయిపోతుంది, కాబట్టి మధ్యలో అడ్డు ఉండాలి. ఇవి మన సొంత కవిత్వం కూడా కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిల్ ట్రాకుల కోసమే ఐఆర్‌సీ 11 అనే ప్రమాణం పెట్టింది. 1962 నాటిది, 2015లో సవరించారు. రోడ్ల స్థలం వాహనాల కోసం కాక మనుషుల కోసం పంచాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ చేర్చారు. ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి, దానివల్ల ఎవరైనా చనిపోయినా వికలాంగులైనా బాధ్యులైన సంస్థకి, కాంట్రాక్టర్‌కి లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. లెటర్‌లో ఈ లైన్ ఉంటే చదివే పద్ధతే మారుతుంది.

మాకు ఇప్పటిదాకా వచ్చిన ఫలితం చిన్నది. మురుగు కాలువ మీద ఇనుప జాలీ ఉంది. దాని ఊచలు రోడ్డు పొడవునా ఉండటంతో సన్నటి సైకిల్ టైరు సరిగ్గా సందులో దిగిపోయేది. అక్కడ పిల్లలు పడుతున్నారు. ఫొటో, కొలత, టైరు వెడల్పు రాసి ఇచ్చాం. మూడుసార్లు తిరిగాక జాలీని అడ్డంగా తిప్పి వేశారు. ఖర్చు దాదాపు సున్నా. జంక్షన్ గ్యాప్ ఫైల్ ఇంకా నడుస్తోంది.

బజ్జీల బండి ఎక్కడికి పోవాలి?

అసలు చిక్కు ఇక్కడుంది. రోడ్డు వెడల్పు పెరగదు. సైకిల్‌కి రెండు మీటర్లు ఇస్తే ఎవరో ఒకరు జరగాలి. వెంటనే అందరి కళ్లూ బజ్జీల బండి మీద పడతాయి, ఎందుకంటే నోరు లేనివాడు అతనే. సైకిల్ క్యాంపెయిన్ పేరుతో తోపుడు బండ్లు లేపేస్తే, డ్యూటీ దిగి సైకిల్ మీద వెళ్తూ అక్కడ తినే మనిషికి మనం చేసిన మేలేంటి? పైగా వీధి వ్యాపారులకి 2014 చట్టం రక్షణ ఇచ్చింది. సర్వే చేసి, చోటు చూపించకుండా లేపకూడదు.

మా రోడ్డు మీద ఎక్కువ చోటు తినేది ఊరికే పార్క్ చేసిన కార్లు. దాని గురించి మాట్లాడితే షాపుల వాళ్లు భయపడతారు. ఒక కిరాణా షాపు ఓనర్ మొహం మీదే అన్నారు: "బాబూ, కారు ఆగకపోతే నా గిరాకీ ఏం కావాలి?" న్యాయమైన ప్రశ్నే. వాదించకుండా ఆయన షాపు ముందు కూడా లెక్క పెడతామన్నాం. కొనడానికి వచ్చినవాళ్లలో నడిచి, సైకిల్, స్కూటీ మీద వచ్చినవాళ్లే ఎక్కువ. ముందు ఆగిన కార్లలో కొన్ని పొద్దుటి నుంచి కదల్లేదు. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. కానీ 'ఓ నెల ట్రయల్ అయితే చూద్దాం' అనే దాకా వచ్చారు.

ట్రయల్ అనేది చిన్న మాట కాదు. మనం ఫీచర్‌ని ముందు కొంతమందికి రిలీజ్ చేసి చూసినట్టే. కరోనా టైంలో, 2020లో, కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 'సైకిల్స్ ఫర్ ఛేంజ్' అని నగరాలకి పోటీ పెట్టింది. కోన్‌లు, పెయింట్‌తో తాత్కాలిక లేన్లు వేసి చూడమన్నారు. చివరికి ఎంపికైన 11 నగరాల్లో మన వరంగల్ కూడా ఉంది. కోన్లతో చేసి చూస్తే నచ్చకపోతే తీసేయొచ్చు. షాపు ఓనర్‌కి, ఇంజినీర్‌కి, మనకి, అందరికీ రిస్క్ తక్కువ.

నెదర్లాండ్స్ కూడా పుట్టుకతో నెదర్లాండ్స్ కాదు

'అదంతా యూరప్‌లో అవుతుంది, ఇక్కడ కాదు' అనే అంకుల్స్ ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. వాళ్లకి ఈ కథ ఫార్వర్డ్ చేయండి. 1971లో నెదర్లాండ్స్ రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. అప్పటికి అక్కడా కార్ల కోసం రోడ్లు వెడల్పు చేసుకుంటూ పోతున్నారు. రోడ్డు ప్రమాదంలో కూతుర్ని పోగొట్టుకున్న ఒక జర్నలిస్ట్ 'పిల్లల హత్యలు ఆపండి' అనే హెడ్డింగ్‌తో వ్యాసం రాశాడు. అదే పేరుతో ఉద్యమం పుట్టింది. తల్లిదండ్రులు, పిల్లలు వీధుల్లోకి వచ్చారు. 1973 చమురు సంక్షోభంలో కార్లు లేని ఆదివారాలు వచ్చాయి, ఖాళీ రోడ్డు ఎలా ఉంటుందో జనం చూశారు. ఏళ్ల తరబడి అడిగితే వచ్చినవే ఆ ట్రాకులు.

గమనించారా? వాళ్లు సైకిల్ స్పోర్ట్ కోసం అడగలేదు. పిల్లలు ప్రాణాలతో ఇంటికి రావాలని అడిగారు. అందుకే ఎవరూ కాదనలేకపోయారు.

ఎండాకాలం 42 డిగ్రీల్లో ఎవరు తొక్కుతారు అని కూడా అంటారు. తొక్కుతున్నారు సార్, వేరే దారి లేక. చెట్ల నీడ ఉన్న రోడ్డు అడగడానికి అది కారణం అవుతుంది గానీ అడగకపోవడానికి కాదు.

ఈ వారం హోంవర్క్: మీ ఇంటి దగ్గర ఒక జంక్షన్ ఎంచుకోండి. ఒక ఫ్రెండ్‌ని లాక్కెళ్లండి. పొద్దున ఆరింటికి, ఒక్క గంట. వచ్చే ప్రతి సైకిల్‌కి ఒక గీత. వీలైతే ఇద్దరు ముగ్గురిని ఆపి, ఎక్కడ భయమేస్తుందో అడగండి. మీ లెక్క, ఆ జంక్షన్ పేరు నాకు రాసి పంపండి. ఆ రోడ్డు ఎవరిదో కనుక్కునే లెటర్ ఎలా రాయాలో వచ్చే వారం లైన్ బై లైన్ చెప్తా.