గొంతుకు కూడా పరదాయేనా?

ఉర్దూలో స్త్రీని 'ఔరత్' అంటారు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లం రోజుకు ఎన్నిసార్లు వింటామో ఆ మాట! దాని మూలం అరబ్బీ 'ఔరా'. అంటే కప్పి ఉంచవలసింది అని. స్త్రీ శరీరమే కాదు, ఆమె గొంతు కూడా ఔరాయే అని వాదించే మతపెద్దలు ఇప్పటికీ ఉన్నారు. కాదనే పండితులూ తక్కువేం లేరు. ఈ వాదనల మధ్య నలిగిపోతున్నది ఖురాన్ పారాయణం చేసే స్త్రీలు. వాళ్ల గురించి మనం మాట్లాడుకున్నది చాలా తక్కువ.

ఈజిప్టులో 1930లలో రేడియోలో స్త్రీల పారాయణం వినిపించేది. మునీరా అబ్దూది అలాంటి గొంతే. తర్వాత ఈ 'ఔరా' అభ్యంతరంతోనే ఆ గొంతులు రేడియో నుంచి తొలగిపోయాయి. అదే దేశం నెలనెలా ఉమ్ కుల్సుమ్ పాటల కోసం రేడియో చుట్టూ చేరింది. చిన్నప్పుడు ఖురాన్ బడిలో అబ్బిన ఉచ్చారణ ఆమె పాటకు పునాది. ప్రేమగీతం పాడగల గొంతు దైవవాక్యం చదివితేనే దోషమా? నాకైతే ఈ తర్కం బోధపడదు.

ఇండోనేషియా ఇంకో దారి పట్టింది. తూర్పు జావాలోని లామోంగన్‌లో 1955లో పుట్టిన మరియా ఉల్ఫా 1980లో మలేషియాలో జరిగిన అంతర్జాతీయ పారాయణ పోటీలో గెలిచారు. జకార్తాలో 1977లో స్త్రీల కోసం నెలకొల్పిన ఖురాన్ విద్యాసంస్థలో పాఠాలు చెప్పారు. ఇదేదో భక్తితో కళ్లు మూసుకుని చదివేయడం అనుకోకండి. ఏ అక్షరం గొంతులో ఎక్కడ పుట్టాలి, ఎంతసేపు సాగాలి, ఎక్కడ ఆపితే అర్థం చెడుతుంది – అన్నిటికీ 'తజ్వీద్' నియమాలున్నాయి. వాటికి లోబడి బయాతీ, హిజాజ్, నహావంద్ వంటి మఖామ్‌లలో, అంటే మన రాగాల వంటి వాటిలో, అప్పటికప్పుడు స్వరం అల్లాలి. పక్కన వాయిద్యం ఉండదు. పొడవైన వాక్యాన్ని ఒకే గుక్కలో చదవాలి. ఏళ్ల తరబడి సాధన చేస్తే తప్ప రాని విద్య ఇది.

అక్కడ 1968 నుంచి జాతీయ పోటీలు జరుగుతున్నాయి. స్త్రీలకు వేరే విభాగం ఉంది. బహుమతులు, పేరు, బతుకుతెరువు వచ్చాయి. అయితే మసీదులో అజాన్ ఇచ్చేదీ, మగవాళ్ల నమాజుకు ముందు నిలబడేదీ మగవాళ్లే. గొంతు విన్నారు సరే, పెత్తనం మాత్రం పంచలేదు.

మతగ్రంథాల జోలి మనకెందుకని మన మిత్రులే కొందరు అంటారు. ఒప్పుకోలేను. ప్రవక్త మరణం తర్వాత ఒకచోట చేర్చిన ఖురాన్ ప్రతి చివరికి భద్రంగా ఉన్నది హఫ్సా అనే స్త్రీ దగ్గర. నెలసరి రోజుల్లో స్త్రీ పారాయణం చేయకూడదని చాలామంది ధర్మశాస్త్రజ్ఞులు అంటే, మాలికీ సంప్రదాయం చేయవచ్చంటుంది. మతం లోపలే ఇంత చర్చ ఉంటే, ముస్లిం స్త్రీకి మాటే లేదన్నట్టు మనం బయట నిలబడి జాలిపడటం ఏం పద్ధతి?

పాతబస్తీ ఇళ్లల్లో పిల్లలకు అలిఫ్, బే దగ్గర నుంచి ఖురాన్ చదవడం నేర్పే ఆపాలున్నారు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని చాప పరిచి కూర్చుంటారు. వాళ్ల దగ్గర నేర్చుకున్న మగపిల్లవాడు రేపు మైకు ముందు చదవొచ్చు. మన సమావేశాలకు చదువు చెప్పే స్త్రీలను పిలిచేటప్పుడు అంగన్‌వాడీ టీచర్లు గుర్తొస్తారు, బడి పంతులమ్మలు గుర్తొస్తారు. ఈ ఆపాలను టీచర్లుగా ఎప్పుడైనా పిలిచామా?