చలాన్‌కు రాయితీ ఉంది, తలకు లేదు



ఈ పేజీలో మామూలుగా బి.పి., షుగరు, పిల్లల టీకాల గురించి రాస్తుంటాము. ఈసారి ట్రాఫిక్ చలాన్ల గురించి రాస్తున్నాము. ఆసుపత్రికీ చలాన్‌కూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. హైదరాబాదు రోడ్ల మీద చలాన్ మాట మనం విననప్పుడు, మా క్యాజువాల్టీలో పని మొదలవుతుంది.

2024 జనవరిలో ఒక రాత్రి తొమ్మిది దాటాక ఒక యువకుణ్ణి ఆటోలో తీసుకువచ్చారు. కరెంటు పని చేసుకునే మనిషి, ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. బండి జారి తల డివైడర్‌కు తగిలింది. వచ్చినప్పుడు బాగానే మాట్లాడాడు. "నాకేం కాలేదు సిస్టర్, ఇంటికి పోతా" అన్నాడు. గంట తిరక్కముందే రెండుసార్లు వాంతి అయింది. పిలిస్తే పలకడం తగ్గింది. టార్చి వేసి చూస్తే ఒక కంటిపాప పెద్దదైంది. తల లోపల రక్తస్రావం అవుతున్నదని అర్థమై, ఆపరేషన్ జరిగే పెద్దాసుపత్రికి అంబులెన్సులో పంపించాము.

అతని భార్య వరండాలో కూర్చుని అన్న మాట మేము ఇప్పటికీ మరచిపోలేదు. "మొన్ననే రాయితీలో చలాన్లన్నీ కట్టేశాడమ్మా. అన్నీ హెల్మెట్ చలాన్లే. హెల్మెట్ కూడా కొన్నాడు. బండికే తగిలించి ఉంది."

అతను బతికాడు. కొన్ని నెలల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు, నిచ్చెన ఎక్కితే కళ్ళు తిరుగుతున్నాయని, స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చెయ్యి వణుకుతోందని చెప్పాడు. ఇప్పుడు ఇల్లు నడిపేది అతని భార్యే.

ఆ రాయితీ గురించే మా అభిప్రాయం చెప్పదలచుకున్నాము. 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరు చివర మరోసారి తెలంగాణలో పెండింగ్ చలాన్లకు తగ్గింపు ఇచ్చారు. ద్విచక్ర వాహనాలకు మొదటిసారి 75 శాతం, రెండోసారి 80 శాతం తగ్గించారు. పేరుకుపోయిన బకాయిలు వసూలు కావాలని అలా చేసి ఉంటారు. కాని దాని నుంచి మన ఇళ్ళలో మనం నేర్చుకున్నది ఏమిటి? "ఇప్పుడే కట్టకు, మళ్ళీ ఆఫర్ వస్తుంది" అని. వెంటనే కట్టినవాడు తెలివి తక్కువవాడయ్యాడు, ఆగినవాడు గడుసువాడయ్యాడు. జరిమానా పండుగ సేల్‌లాగా మారింది. తప్పు మాత్రం మారలేదు.

రాయితీ ఇవ్వదలిస్తే, ఐ.ఎస్.ఐ. మార్కు హెల్మెట్ కొని చూపించినవారికి ఇవ్వండి అని మేము అంటాము. మొదటిసారి పట్టుబడినవారికి జరిమానా బదులు హెల్మెట్ కొనిపించినా మంచిదే. డబ్బు ఖజానాకు చేరడం కంటే హెల్మెట్ తలకు చేరడం ముఖ్యం.

చలాన్ల మీద ప్రజలకున్న ఫిర్యాదులు మాకు తెలియనివి కావు. మా వార్డుల్లోనే రోజూ వింటుంటాము. రోజు కూలీ మీద బతికేవానికి జరిమానా కట్టడమంటే ఆ రోజు వంట మానుకోవడమే. కారులో తిరిగేవారికి అది లెక్కే కాదు. గుంతలు పూడ్చనివారికి ఎవరు చలాన్ వేస్తారని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే, అడగవలసిందే. కాని గుంత ఉన్న రోడ్డు మీద హెల్మెట్ అవసరం ఎక్కువే గాని తక్కువ కాదు గదా!

2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టం చాలా జరిమానాలను పెంచింది. ఆ చట్టం ప్రకారం హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు, పైగా మూడు నెలలు లైసెన్సు ఉండదు. తాగి నడిపితే మొదటిసారి 10,000 రూపాయల వరకు జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. మైనరు పిల్లలు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. అప్పట్లో మన రాష్ట్రం ఇలా పెంచిన మొత్తాలను వెంటనే అమలు చేయలేదు. అందువల్ల చాలామందికి చట్టం సంగతే తెలియకుండా పోయింది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 50,029 మంది హెల్మెట్ పెట్టుకోని ద్విచక్ర వాహనదారులు. అందులోనూ 14,337 మంది వెనుక కూర్చున్నవారు. వెనుక కూర్చునేది ఎవరు? మన భార్యలు, అమ్మలు, కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలు. ఇంట్లో ఒక్క హెల్మెట్ ఉంటే అది నడిపే మగవారికే. ఎందుకంటే కెమెరా ముందు చూసేది ఆయన తలనే. హెల్మెట్‌ను పోలీసు కోసం పెట్టుకుంటున్నామని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మాలోనూ తప్పు ఉంది, ఒప్పుకుంటున్నాము. క్వార్టర్స్ నుంచి ఆసుపత్రికి రెండు వీధులే గదా అని మా సిస్టర్లే ఉత్తి తలతో బండి మీద వచ్చేవారు. తలకు దెబ్బ తగిలిన మనిషికి రాత్రంతా పావుగంటకోసారి కంటిపాపలు చూసి, తెల్లవారి నిద్రమత్తులో అలాగే ఇంటికి వెళ్ళేవారు. ఆ జనవరి తర్వాత మాలో మేము ఒక మాట అనుకున్నాము. హెల్మెట్ లేకుండా వచ్చినవారికి ఇంటికి వెళ్ళేటప్పుడు బండి తాళం చేతికివ్వము. మొదట్లో సణిగారు, ఇప్పుడు అలవాటైంది.

మీ ఇంట్లో కూడా అలవాటు చేయవలసినవి ఇవి:

1. బండికి ఒక హెల్మెట్ కాదు, మనిషికి ఒక హెల్మెట్ ఉండాలి. నాలుగేళ్ళు దాటినవారు నడిపినా, వెనుక కూర్చున్నా పెట్టుకోవాలని చట్టం చెబుతోంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు వారి సైజు హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. పిల్లలను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టకండి.

2. గడ్డం కింద పట్టీ బిగించండి. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. పట్టీ పెట్టని హెల్మెట్ దెబ్బ తగలకముందే ఎగిరిపోతుంది. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నదాన్ని మళ్ళీ వాడకండి.

3. యూ టర్ను దూరమని రాంగ్ రూట్లో రాకండి. ఎదురుగా వచ్చేవారు మీరు వస్తారని అనుకోరు.

4. పెళ్ళి విందులో తాగినవారి చేతికి తాళం ఇవ్వకండి. వారు అలిగితే మరునాడు మాట్లాడుకోవచ్చు.

5. పదో తరగతి పాసైన అబ్బాయికి బండి బహుమానంగా ఇవ్వకండి. లైసెన్సు వచ్చేదాకా ఆగమనండి.

6. తలకు దెబ్బ తగిలి బాగానే మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకురండి. వాంతులు, మత్తు, పెరిగే తలనొప్పి కనిపిస్తే ఒక్క నిమిషం ఆగకండి, 108కి ఫోను చేయండి. నీళ్ళు తాగించకండి, మెడ వంచకండి. గాయపడినవారిని తెచ్చినందుకు మిమ్మల్ని ఆపి ఉంచడానికి గాని, సాక్షిగా ఉండమని బలవంతం చేయడానికి గాని వీలు లేదు. మంచి మనసుతో సాయం చేసినవారికి 2019 చట్టమే రక్షణ ఇచ్చింది.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక గేటు దగ్గర నిలబడి చూశాము. ఒక బండి మీద తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు. హెల్మెట్ అద్దానికి వేలాడుతోంది. చర్చి దగ్గర పోలీసు ఉండడు గదా అని కాబోలు. నిజమే, ఉండడు. కాని రోడ్డు ఉంటుంది, డివైడర్ ఉంటుంది. వాటికి ఆదివారం సెలవు లేదు.

పాత చలాన్లు ఉంటే ఆఫర్ కోసం ఆగకుండా కట్టివేయండి. ఆ తర్వాత అద్దానికి వేలాడే హెల్మెట్ తీసి తలకు పెట్టుకోండి. వచ్చే ఆదివారం గేటు దగ్గర మళ్ళీ నిలబడతాము. చలాన్ వేయడానికి కాదు, మీరంతా క్షేమంగా ఇంటికి బయలుదేరడం చూడడానికి.