గాబరాకు వైద్యం అడగడం మన హక్కు

మా వద్దకు జనం సాధారణంగా కాగితాల కోసం వస్తారు. రేషన్ కార్డులో పేరు తప్పు పడిందనో, పింఛను ఆగిపోయిందనో, స్కాలర్‌షిప్ దరఖాస్తు తిరిగి వచ్చిందనో వస్తారు. కొన్ని నెలల క్రితం ఇషా నమాజు తర్వాత ఒక తల్లి వేరే రకం కాగితాల కట్టతో వచ్చింది. అందులో ఐదు ఈసీజీలు, రెండు ఛాతీ ఎక్స్‌రేలు, రక్తపరీక్షల చీటీలు, ప్రైవేటు ఆసుపత్రి బిల్లులు ఉన్నాయి. ఆటో నడిపే పెద్దకొడుకు కోసం చేయించిన పరీక్షలవి. ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు రాసిపెట్టమని అడగడానికి ఆమె వచ్చింది. పరీక్షలన్నింటిలోనూ తేలింది ఒక్కటే: ఏమీ లేదు. "ఏమీ లేకపోతే నా బిడ్డ చచ్చిపోతున్నానని ఎందుకు అరుస్తున్నాడు భాయ్‌సాబ్?" అని ఆమె మమ్మల్ని అడిగింది.

దరఖాస్తు రాసే ముందు ఆ యువకుడితో మాట్లాడాము. ఒకరోజు దారిలో నలుగురు కుర్రాళ్లు అతని ఆటో ఆపి పేరు అడిగారట. ఏమీ చేయలేదు, పేరు విని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఆ రాత్రి నిద్రలో గుండె దడదడలాడి లేచాడు. ఊపిరి అందలేదు, చేతివేళ్లు తిమ్మిరెక్కాయి, ఒళ్లంతా చెమట పట్టింది. ప్రాణం పోతోందని కలిమా చదువుకున్నాడు. అరగంటలో తగ్గింది. పది రోజులకు మళ్లీ వచ్చింది, ఈసారి పట్టపగలు, సవారీ ఎక్కి ఉండగా. అప్పటి నుంచి ఆ రోడ్డు మానుకున్నాడు. తర్వాత చీకటిపడితే బండి తీయడం మానుకున్నాడు. జుమా నమాజులో ముందు వరుస వదిలి తలుపు దగ్గర నిలబడసాగాడు. చివరికి ఆటో ఇంటి ముందు నిలిచిపోయింది, ఫైనాన్సు కిస్తీలు బాకీ పడ్డాయి.

దీనిని మన ఇళ్లలో ఘబ్రాహట్ అంటాం, తెలుగులో గాబరా అంటాం. వైద్యులు పానిక్ అటాక్ అంటారు. అది మళ్లీ మళ్లీ వస్తూ, ఎప్పుడు వస్తుందోనన్న భయం మనిషి బతుకును కుదించివేస్తే దానిని పానిక్ డిజార్డర్ అంటారు. ప్రతి చిన్న విషయానికీ నెలల తరబడి ఆందోళన పడుతూ, నిద్ర పట్టక, కండరాలు బిగుసుకుపోయి, దేనిమీదా మనసు నిలవని స్థితి మరొకటి ఉంది. రెండూ జబ్బులే. రెండింటికీ వైద్యం ఉంది. ఈ సంచికలో మేము చెప్పదలచినది ఇదే.

అటాక్ సమయంలో శరీరంలో జరిగేది మర్మమేమీ కాదు. ఎదురుగా ప్రమాదం ఉన్నప్పుడు పారిపోవడానికో పోరాడడానికో శరీరం సిద్ధమవుతుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, శ్వాస వేగం పెరుగుతుంది. ప్రమాదం లేని వేళ కూడా అదే జరిగితే అది అటాక్. అవసరానికి మించి వేగంగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్లు తిమ్మిరెక్కడానికి, తల తిరగడానికి కారణం అదే. సాధారణంగా పది నిమిషాలలోపే అది తీవ్రస్థాయికి చేరి, తర్వాత క్రమంగా దిగిపోతుంది. దానివల్ల ప్రాణం పోదు, మతి చెడదు. అయితే ఒక హెచ్చరిక. మొదటిసారి ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినప్పుడు అది గాబరాయేనని ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పుకోరాదు. గుండెను, థైరాయిడ్‌ను, రక్తహీనతను, చక్కెరను డాక్టరు ఒకసారి పరీక్షించవలసిందే. అవన్నీ సరిగా ఉన్నాయని తేలాక కూడా పరీక్షలు తిరిగి తిరిగి చేయించడంలోనే మన కుటుంబాలు అప్పులపాలవుతున్నాయి. ఐదవ ఈసీజీ దాకా వచ్చిన ఆ తల్లికి మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లమని ఒక్కరూ చెప్పలేదు.

చెప్పినా వెళ్లేవారా అన్నది రెండవ ప్రశ్న. మనం దాచుకునే మాటలు కొన్ని ఉన్నాయి. నజర్ తగిలిందంటాం, జిన్ను పట్టిందంటాం, తావీజు కట్టిస్తాం, దమ్ చేయించిన నీళ్లు తాగిస్తాం. ఆడపిల్లకు వస్తే సంబంధాలు చెడిపోతాయని గుమ్మం దాటనివ్వం. అన్నింటికంటే పదునైన మాట ఇంకొకటి ఉంది: ఈమాన్ బలహీనంగా ఉన్నందువల్ల ఇలా అవుతోందనడం. జబ్బుతో నలుగుతున్న మనిషి నెత్తిన పాపభారం కూడా మోపే మాట అది. నమాజు వదలనివారికి, అయిదు పూటలా సజ్దాలో ఏడ్చేవారికి కూడా ఈ అటాక్‌లు రావడం మేము చూశాము.

దువా వద్దని మేము అనడం లేదు. దువాతో మనసుకు ఊరట కలుగుతుంది, అది మన బలం. కానీ అల్లాహ్ పంపిన ప్రతి వ్యాధికీ చికిత్సను కూడా పంపాడని బోధించినవారు మన ప్రవక్త (స). ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భరోసా ఉంచమన్నవారూ ఆయనే. చింత నుంచి, దుఃఖం నుంచి రక్షణ కోరుతూ ఆయన స్వయంగా దువా చేసేవారు. కొడుకు యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి కనుచూపు కోల్పోయిన యాకూబ్ (అ) ఒక ప్రవక్త. ఆయన ఈమాన్‌ను ఎవరైనా శంకించగలరా? మనోవేదన ఈమాన్‌కు కొలబద్ద కాదు.

మన చరిత్ర కూడా ఇదే చెబుతోంది. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యాన్ని, మనసు ఆరోగ్యాన్ని ఒకే గ్రంథంలో చేర్చి రాశాడు. భయం, కోపం, దుఃఖం, వదలని ఆలోచనలు అంటూ మనోవ్యాధులను వేరువేరుగా వివరించాడు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో మందులు సిద్ధంగా ఉంచుకున్నట్లు, మంచి ఆలోచనలను కూడా ముందే సిద్ధం చేసుకోవాలని ఆయన సలహా. 1284లో కైరోలో సుల్తాన్ కలావూన్ నెలకొల్పిన పెద్ద ఆసుపత్రిలో మనోరోగులకు కూడా చోటుండేది. వైద్యాన్ని ఇంతగా గౌరవించిన వారసత్వం ఉన్న మనం మానసిక వైద్యుడి గది ముందు తలదించుకుని నిలబడడం ఎందుకు?

ఇక మన కార్యకర్తల నుంచి వచ్చే అభ్యంతరానికి వద్దాము. ఆ ఆటో యువకుడి విషయం మా సమావేశంలో చెప్పినప్పుడు ఒక తమ్ముడు ఆవేశంగా లేచాడు. "అతని భయం జబ్బు కాదు చాచా, లోకం అతన్ని భయపెట్టింది. మందులిచ్చి పడుకోబెడితే భయపెట్టినవాళ్లు గెలిచినట్టే" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. ముస్లింల స్థితిగతులపై 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక గుర్తింపు, భద్రత, సమానత్వం అనే మూడు ప్రశ్నలను ముందుంచింది. భద్రత లేదన్న భావన గాలిలోంచి పుట్టదు. 2019 చివరిలో, 2020 ఆరంభంలో పౌరసత్వ చర్చ సాగిన రోజులలో ముసలివారు తాతముత్తాతల కాగితాలు వెదుకుతూ మా గుమ్మం ముందు నిలబడడం మేము చూశాము. ఒక కాగితంలో షేక్ ముందు, మరో కాగితంలో వెనుక ఉందని నిద్రపోనివారున్నారు. పేరు వినగానే ఇల్లు అద్దెకు లేదనిపించుకున్నవారున్నారు. దాడుల వీడియోలు ఫోనులో రాత్రంతా చూస్తూ కూర్చునే పిల్లలున్నారు.

అయినా మా జవాబు ఇది. భయానికి కారణం బయట ఉన్నంత మాత్రాన లోపల ఏర్పడిన గాయానికి కట్టు కట్టవద్దని అర్థం కాదు. లారీ గుద్ది కాలు విరిగినవాడికి కాలూ కట్టాలి, లారీ మీద కేసూ పెట్టాలి. ఒకటి చేస్తే రెండవది ఆగదు. పైగా గది దాటి రాలేని మనిషి సాక్ష్యం చెప్పలేడు, కలెక్టరు కార్యాలయానికి రాలేడు, ఊరేగింపులో నడవలేడు. వైద్యం అతన్ని పడుకోబెట్టదు, లేపి నిలబెడుతుంది. మరోవైపు, జబ్బు అన్నారు కదా అని కారణాన్ని మరచిపోయే హక్కు పాలకులకు లేదు. మేము రెండు దరఖాస్తులూ రాస్తాము.

వైద్యం అడగడం యాచన కాదు. పార్లమెంటు ఆమోదించిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, సెక్షన్ 18 ప్రకారం ప్రభుత్వం నడిపే, నిధులిచ్చే సంస్థలలో మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి వ్యక్తికీ ఉంది. మతం, కులం, లింగం వంటి కారణాలతో వివక్ష చూపరాదని అదే సెక్షన్ చెబుతోంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి కార్డు ఉన్నా లేకపోయినా చికిత్స ఉచితం. అత్యవసర మందుల జాబితాలోని మానసిక వైద్యపు మందులను సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో ఉచితంగా ఇవ్వాలి. సెక్షన్ 23 ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. కూతురి సంబంధం చెడిపోతుందని జంకే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. శారీరక వ్యాధులకు ఇచ్చే ప్రాతిపదికనే మానసిక వ్యాధులకూ ఆరోగ్య బీమా సంస్థలు బీమా కల్పించాలని సెక్షన్ 21 చెబుతోంది.

చట్టం కాగితం మీద ఉంది, ఆసుపత్రి గుమ్మం వద్ద లేదు. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం ఆందోళన, కుంగుబాటు వంటి సాధారణ మానసిక జబ్బులున్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. దశాబ్దాలపాటు ఫైళ్ల మధ్య పనిచేసిన మాకు ఒక సంగతి తెలుసు. నోటితో అడిగిన దానికి నోటితోనే లేదంటారు. రాసి అడిగి రసీదు తీసుకుంటే ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు. మందు లేదన్నా, డాక్టరు లేడన్నా తేదీ వేసి ఆసుపత్రి అధికారికి ఫిర్యాదు రాయండి. సేవలలో లోపాలపై ఫిర్యాదు చేసే హక్కును సెక్షన్ 28 ఇచ్చింది. మీ జిల్లాలో మానసిక వైద్యులు ఎంతమంది, ఏ రోజుల్లో ఎక్కడ కూర్చుంటారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజులలో జవాబు ఇవ్వాలి.

ఆసుపత్రి దాకా వెళ్లలేనివారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన టెలీ మానస్ సేవ అది. ఖర్చు లేదు, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. గడప దాటే వీలులేని మన ఆడపడుచులకు ఇది అక్కరకు వచ్చే దారి.

వైద్యం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి మాట ద్వారా, అంటే భయపెట్టే ఆలోచనను పరీక్షించుకోవడం, మానుకున్న చోట్లకు కొద్దికొద్దిగా తిరిగి వెళ్లడం నేర్పే చికిత్స. రెండవది మందులు. ఈ మందుల గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, కనుక నాలుగు రోజులకే వదిలేయరాదు, తగ్గిందని తమంతట తామే ఆపేయరాదు. మందుల షాపులో చీటీ లేకుండా నిద్రమాత్రలు, ఆల్ప్రజోలం వంటివి కొని ఏళ్లతరబడి మింగేవారిని చూస్తున్నాము. అవి అలవాటుగా మారి మనిషిని కట్టిపడేస్తాయి. వాడుతున్నవారు ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే, డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించాలి. రమజాన్‌లో మందు వేళలు ఎలా మార్చుకోవాలో ముందే డాక్టరును అడగండి. వ్యాధిగ్రస్తులకు రోజా విషయంలో ధర్మం ఇచ్చిన సడలింపు మనోవ్యాధికి వర్తించదని ఎవరూ అనుకోనవసరం లేదు. సందేహం ఉంటే ఆలిమ్‌ను సంప్రదించండి.

అటాక్ వచ్చిన క్షణంలో ఇంట్లోవారు చేయవలసింది కొంచెమే. చుట్టూ గుమికూడకండి, కేకలు వేయకండి, ధైర్యంగా ఉండమని గద్దించకండి. పక్కన కూర్చుని, ఇది వచ్చిపోయేదే, నేను ఇక్కడే ఉన్నానని చెప్పండి. శ్వాసను నెమ్మదిగా లోపలికి తీసి, అంతకంటే నెమ్మదిగా వదలమనండి. వ్యక్తి ఇష్టపడితే వజూ చేయించండి. తగ్గాక పెట్టిన భయాలను తవ్వకండి. ఇక బతకాలని లేదన్న మాట ఎవరి నోటైనా వస్తే తేలికగా తీసుకోక అదే రోజు వైద్యుడి వద్దకు తీసుకువెళ్లండి.

మసీదు కమిటీలకు మా విన్నపం ఒకటే. సంవత్సరంలో ఒక్క జుమా ప్రసంగమైనా ఈ విషయానికి కేటాయించండి. నోటీసు బోర్డు మీద 14416 రాయించండి. దమ్ కోసం వచ్చినవారికి దమ్ చేసి, డాక్టరు దగ్గరకు కూడా వెళ్లమని చెప్పే ఇమామ్ సాహెబులు కొందరు ఉన్నారు. మిగతావారూ అలా చెబితే ఎన్నో ఇళ్లు నిలబడతాయి.

ఆ యువకుడిని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి మేమే తీసుకువెళ్లాము. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు తెలిసినవారెవరైనా చూస్తారేమోనని అతడు ముఖానికి రుమాలు కట్టుకున్నాడు. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, ఆటో మళ్లీ రోడ్డెక్కింది. అటాక్‌లు పూర్తిగా పోలేదు. పోయిన నెల ఒకటి వస్తే బండి పక్కకు ఆపి, కాసేపు ఆగి, సవారీని దింపి ఇంటికి వచ్చాడట. ఆ సంగతి అతడు రుమాలు లేకుండా, మసీదు మెట్ల మీద, నలుగురి ముందే మాతో చెప్పాడు. వింటున్నవారిలో ఒక పెద్దమనిషి కాసేపటికి మమ్మల్ని పక్కకు పిలిచి, ఆ డాక్టరు ఏ రోజుల్లో కూర్చుంటాడని మెల్లగా అడిగాడు.