శిక్ష పూర్తయినవారి పేర్లు ఓటరు జాబితాలో తిరిగి చేర్చాలని వినతిపత్రం

గౌరవనీయులైన రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి గారికి,
హైదరాబాద్.

వరంగల్, హనుమకొండ ప్రాంతాల్లో జైలు నుంచి విడుదలైనవారు, వారి కుటుంబ సభ్యులు సమర్పించుకునే విన్నపం.

అయ్యా,

పూర్వాపరాలు తమకు తెలిసినవే. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని సెక్షన్ 62(5) ప్రకారం జైల్లో ఉన్నంతకాలం ఓటు వేయరాదు. సుప్రీంకోర్టు 1997లో దాన్ని సమర్థించింది. ఆ తీర్పుతో మాకిక్కడ పేచీ లేదు. శిక్ష ముగించుకుని బయటికొచ్చిన మనిషిని ఓటు వేయొద్దని ఆ సెక్షన్ అనలేదు. అయినా ఆ ఓటు మాకు దక్కడం లేదు. ఇదే మాట ఇంతకుముందు ఎన్నోసార్లు రాసి ఇచ్చాం.

1. జైల్లో ఉండగా పేర్లు తీసేస్తున్నారు.

ఇంటింటి సర్వేకు వచ్చిన బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) ఫలానా ఆయన ఉన్నాడా అని అడుగుతారు. జైల్లో ఉన్నాడని చెప్పలేక ఇంట్లోవాళ్లు "ఊళ్లో లేడు" అంటారు. కాగితం మీద "షిఫ్టెడ్" అని పడుతుంది. పేరు పోతుంది.

1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 20(2) చూడండి. జైల్లో ఉన్నంత మాత్రాన ఆ జైలు ఖైదీకి సాధారణ నివాసం కాదని అందులో ఉంది. తాత్కాలికంగా ఇంట్లో లేనంత మాత్రాన నివాసం పోదని కూడా సెక్షన్ 20 చెబుతోంది. హైదరాబాద్‌లోని చర్లపల్లి జైలు అతని ఇల్లు కాక, వరంగల్ ఇల్లూ అతనిది కాకపోతే, ఆ మనిషి ఏ ఊరివాడో తమరే చెప్పాలి. నివాసం మారిందని పేరు తీసేముందు అతని వాదన వినాలని సెక్షన్ 22 ఆదేశిస్తోంది. మాలో ఎవరికీ నోటీసు అందలేదు. 1886 నాటి వరంగల్ కేంద్ర కారాగారాన్ని 2021లో ఆసుపత్రి కోసం కూల్చి, ఖైదీలను దూరపు జైళ్లకు తరలించారు. ములాఖత్‌కే హైదరాబాద్ బస్సెక్కాల్సిన కుటుంబాలు ఆ నోటీసు వచ్చినా ఏం చేయగలవు?

2013లో పార్లమెంటు 1951 చట్టంలోని సెక్షన్ 62కు సవరణ తెచ్చింది. జైల్లో ఉండి ఓటు వేయలేకపోయినా, జాబితాలో పేరున్న వ్యక్తి ఓటరుగానే కొనసాగుతాడని రాసింది. ఆ సవరణ ఉండబట్టే 2024లో ఇంజినీర్ రషీద్ తీహార్ జైలు నుంచి, అమృత్‌పాల్ సింగ్ దిబ్రూగఢ్ జైలు నుంచి పోటీ చేసి లోక్‌సభకు గెలిచారు. నాయకుడికి పనికొచ్చిన సవరణ మా కూలి మనిషి పేరును ఎందుకు కాపాడలేదు?

30 నవంబర్ 2023న, అసెంబ్లీ ఎన్నికల రోజున, మాలో ఒకరు తల్లిని వెంటబెట్టుకుని పోలింగ్ కేంద్రానికి వెళ్లారు. శిక్ష అప్పటికే పూర్తయింది. జాబితాలో ఆ ఇంటి నంబరు కింద తల్లి పేరుంది, తమ్ముడి పేరుంది, ఆయనది లేదు. తల్లి వేలికి సిరా వేయించుకుని వచ్చేదాకా ఆయన బయటే నిలబడ్డారు. 13 మే 2024న లోక్‌సభ ఎన్నికల్లో కూడా అంతే జరిగింది. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల జాబితాలకూ అసెంబ్లీ జాబితాయే ఆధారం కాబట్టి, ఒక్క తొలగింపుతో వార్డు మెంబరును ఎన్నుకునే ఓటు కూడా పోతోంది.

2. "శిక్ష పడితే ఆరేళ్లు ఓటు ఉండదు" అని, పేరు చేర్చమని మేమిచ్చిన ఫారం-6 వెనక్కి ఇస్తున్నారు. 1951 చట్టం సెక్షన్ 8(3)లోని ఆరేళ్లు ఎన్నికల్లో పోటీకి సంబంధించినవి. ఓటుకు ఆరేళ్ల అనర్హత సెక్షన్ 11ఎలో చెప్పిన కొన్ని నేరాలకే వర్తిస్తుంది.

3. పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) కింద నిర్బంధంలో ఉన్న ఓటర్లకు పోస్టల్ బ్యాలెట్ హక్కుంది. ఆ సంగతి వారికి చెప్పేవారు లేరు.

4. 2022 చివరికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నేరం రుజువు కాని వీరి ఓటు గురించి ఎన్నికల సంఘానికి సిఫారసు పంపండి. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 1999లోనే ఖైదీలకు ఓటు ఏర్పాట్లు చేయించింది.

అయ్యా, కింది స్థాయి కార్యాలయాల్లో ఇచ్చిన అర్జీలకు రశీదులు దొరికాయి, జవాబు ఒక్కదానికీ రాలేదు. గుర్తుచేస్తూ ఇచ్చిన కాగితాలకూ అదే గతి పట్టింది. మర్యాద తప్పకుండానే అడుగుతున్నాం, ఇంకెన్నిసార్లు రాయాలి?

కాబట్టి జైల్లో ఉన్న కారణంగా ఎవరి పేరూ తీయరాదని ప్రతి బీఎల్‌ఓకూ లిఖితపూర్వకంగా ఆదేశించాలి. ఇదివరకు "షిఫ్టెడ్" అని తీసేసిన పేర్లను జైళ్ల శాఖ రికార్డులతో సరిచూసి తిరిగి చేర్చాలి. విడుదల రోజునే జైల్లో ఫారం-6 నింపించే ఏర్పాటు చేయాలి. తదుపరి జాబితా సవరణ ముగిసేలోగా ఉత్తర్వులిచ్చి, వాటి ప్రతిని మాకు పంపాలని కోరుతున్నాం. కోర్టు వేసిన శిక్ష మేం పూర్తిగా అనుభవించాం. ఏ కోర్టూ వేయని ఈ శిక్షను తమరు రద్దు చేయించాలి.

ఇట్లు,
విడుదలైనవారు, వారి కుటుంబ సభ్యులు
వరంగల్.