మానాలన్న తలపుంది, తోడేదీ?

సిగరెట్ పెట్టెపై పుండుపడిన నోటి బొమ్మను అచ్చువేయించి, దాని సరసన ఒక ఉచిత ఫోన్ నెంబరు జతచేసినంత మాత్రాన పొగాకు వ్యసనపరుల పట్ల ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. దేశంలో పొగాకు వాడుతున్నవారిలో సగం మంది దాన్ని ఎలా వదిలించుకోవాలా అని ఆలోచిస్తున్నవారే. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016-17లో జరిపించిన వయోజన పొగాకు సర్వేక్షణ ఈ సంగతిని లెక్కలతో సహా తేల్చింది. పదిహేనేళ్లు, ఆపై వయసున్న జనాభాలో 28.6 శాతం, అంటే దాదాపు 26.7 కోట్ల మంది, ఏదో ఒక రూపంలో పొగాకుకు బానిసలై ఉన్నారు. 2009-10 నాటి సర్వేక్షణలో ఇది 34.6 శాతం. ఆ తగ్గుదల సంతోషించదగినదే. అయితే పొగ తాగేవారిలో 55.4 శాతం, పొగాకు నమిలేవారిలో 49.6 శాతం మానేయాలని తలపోస్తున్నట్లు అదే సర్వేక్షణ వెల్లడించింది. ఇన్ని కోట్ల మంది వదిలించుకోవాలనుకుంటున్నా వదలని సరుకు ఇంకొకటి ఉందా?

తలపు ఉన్నంత మాత్రాన వ్యసనం వదలదు. సర్వేక్షణకు ముందటి పన్నెండు నెలల్లో పొగ తాగేవారిలో 38.5 శాతం, నమిలేవారిలో 33.2 శాతం మానడానికి ప్రయత్నించి చూశారు. అలా ప్రయత్నించిన ధూమపాయుల్లో నూటికి 70 మందికి పైగా ఏ మందూ, ఏ సలహా లేకుండా ఒంటరిగా పెనుగులాడినవారే. ఎవరి సాయమూ లేకుండా మానినవారిలో ఏడాది తిరిగేసరికి ఆ మాట మీద నిలబడేది నూటికి ముగ్గురి నుంచి అయిదుగురు మాత్రమేనని వివిధ దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. మిగిలినవారు ఓడిపోతారు. గట్టిగా అనుకుంటే మానలేవా అని ఇంట్లోవారు నిలదీస్తారు. తనకు మనోబలం లేదని ఆ మనిషి కూడా నమ్మడం మొదలుపెడతాడు. మరుసటి ప్రయత్నం చేయకపోవడానికి ఆ నమ్మకం ఒక్కటి చాలు.

నిజానికి ఇది మనోబలానికి మించిన వ్యవహారం. పీల్చిన పొగలోని నికొటిన్ పది నుంచి ఇరవై సెకన్లలో మెదడును చేరుతుంది. అక్కడి గ్రాహకాలకు అతుక్కుని, హాయిని కలిగించే డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. సుమారు రెండు గంటల్లో రక్తంలో నికొటిన్ సగానికి పడిపోతుంది. మెదడు మళ్లీ అడుగుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే గ్రాహకాల సంఖ్యే పెరిగిపోతుంది. అప్పుడిక పొగ తాగేది హాయి కోసం కాదు, తాగకపోతే కలిగే బాధను తప్పించుకోవడానికి. మానిన తొలి వారంలో చిరాకు, అలజడి, పని మీద మనసు నిలవకపోవడం, విపరీతమైన ఆకలి చుట్టుముడతాయి. మూడు నాలుగు వారాలు గడిస్తే ఇవి చాలావరకు సద్దుమణుగుతాయి. మనిషికి చేయూత కావలసింది ఆ కొద్ది వారాల్లోనే.

నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారన్న ప్రశ్నతో వ్యసన తీవ్రతను కొలవవచ్చునని స్వీడన్ శాస్త్రవేత్త ఫాగర్‌స్ట్రోమ్ 1978లోనే చూపారు. నేటికీ ప్రపంచమంతటా వైద్యులు ఆ ప్రశ్ననే అడుగుతున్నారు. సిగరెట్ కంటే బీడీ, ఖైనీ మేలన్న అపోహ మన దేశంలో బలంగా ఉంది. అరచేతిలో పొగాకుకు సున్నం చేర్చి నలపడం వెనుక ఉన్న రసాయన శాస్త్రం తెలిస్తే ఆ అపోహ నిలవదు. సున్నంలోని క్షారగుణం నికొటిన్‌ను విడగొట్టి, నోటి పొర గుండా త్వరగా రక్తంలో కలిసేలా చేస్తుంది. బీడీ సంగతి సరేసరి. ఆరిపోకుండా ఉండాలంటే దాన్ని ఘడియ ఘడియకూ గట్టిగా పీల్చక తప్పదు.

ఈ సరుకు స్వభావం అందరికంటే ముందు దాన్ని అమ్మేవారికే తెలుసు. నికొటిన్ వ్యసనకారి అని, తాము చేస్తున్నది నికొటిన్ వ్యాపారమని అమెరికాలోని ఒక సిగరెట్ కంపెనీ న్యాయ సలహాదారు 1963లోనే అంతర్గత పత్రంలో రాసుకున్నారు. నికొటిన్‌కు బానిస కావడం హెరాయిన్, కొకైన్‌లకు బానిస కావడం వంటిదేనని ఆ దేశ సర్జన్ జనరల్ 1988లో నివేదిక ఇచ్చారు. అయినా 1994 ఏప్రిల్‌లో ఏడు పెద్ద కంపెనీల అధిపతులు అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం ఎదుట ప్రమాణం చేసి, నికొటిన్ వ్యసనకారి అని తాము భావించడం లేదని వాంగ్మూలమిచ్చారు. పాత అంతర్గత పత్రాలు బయటపడింది కూడా ఆ ఏడాదే కావడం వారి దురదృష్టం.

పొగాకు మాన్పించడం ఎలాగన్న ప్రశ్నకు జవాబు కోసం మన దేశం అమెరికా వైపు చూడనవసరం లేదు. జవాబులో సింహభాగం శ్రీకాకుళం పల్లెల్లోనే దొరికింది. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అలవాటును ఉత్తర కోస్తాలో అడ్డపొగ అంటారు. ఈ అలవాటుకూ అంగిలి కేన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1957లోనే భారతీయ వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసం ఎత్తిచూపింది. అటుపై 1960లలో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంత పరిశోధకులు, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్‌తో కలిసి ఎర్నాకుళం, శ్రీకాకుళం, భావనగర్, సింగ్‌భూమ్, దర్భంగా జిల్లాల్లో ఇల్లిల్లూ తిరిగారు. వారు పరీక్షించిన గ్రామస్థులు 50,915 మంది. వీరిలో శ్రీకాకుళం జిల్లాకు చెందిన 10,169 మందిలో 43.8 శాతం అడ్డపొగ తాగేవారేనని తేలింది. ఆ అలవాటు పురుషుల కంటే స్త్రీలలో ఎక్కువ. పట్నపు ధూమపాయులనే దృష్టిలో పెట్టుకుని చర్చించేవారికి ఈ స్త్రీలు సాధారణంగా కనబడరు.

పరిశోధకులు జబ్బును లెక్కగట్టి ఊరుకోలేదు. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో పొగాకు వాడే 36 వేల మందిని ఎంచుకుని, ఏటేటా వారి నోళ్లు పరీక్షిస్తూ, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి నచ్చజెప్పారు. ఖరీదైన మందులేవీ వాడలేదు. ఆ ఫలితాలు 1986లో బ్రిటన్ వైద్య పత్రిక లాన్సెట్‌లో అచ్చయ్యాయి. సలహా అందనివారితో పోలిస్తే, అందినవారిలో పొగాకు మానినవారు, తగ్గించినవారు ఎక్కువ. కేన్సర్‌కు ముందు కనిపించే నోటి మచ్చలు కొత్తగా ఏర్పడటమూ తగ్గింది. అక్షరం రాని పేదలకు చెబితే అర్థమవుతుందా, అర్థమైనా మానతారా అన్న చదువుకున్నవారి సందేహానికి నాడే సమాధానం లభించింది. విచారకరమేమిటంటే, నాలుగు దశాబ్దాలు గడిచినా ఆ పాఠం ప్రభుత్వ వైద్యంలో నిత్యకృత్యం కాలేదు. 2016-17 సర్వేక్షణ ప్రకారం, ఆ ఏడాదిలో వైద్యుల వద్దకు వెళ్లిన ధూమపాయుల్లో మానేయమన్న సలహా అందుకున్నది 48.8 శాతమే. నమిలేవారిలోనైతే అది 31.7 శాతం. ఎదురుగా కూర్చున్న రోగిని ఒక మాట అడగడానికి నిధులు అక్కరలేదు గదా!

తర్వాతి పరిశోధనలూ ఈ సంగతినే బలపరిచాయి. బీహార్‌లోని 72 ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయుల చేత పొగాకు మాన్పించేందుకు ఒక ప్రయోగం జరిగింది. కార్యక్రమం అమలైన పాఠశాలల్లో ఆరు నెలల పాటు పొగాకు జోలికి పోనివారు 19 శాతం, అమలు కానిచోట 7 శాతం అని 2013లో ప్రచురితమైన నివేదిక తెలిపింది. అదే ఏడాది పాకిస్థాన్ నుంచి వెలువడిన ఫలితాలు మరింత ఆసక్తికరమైనవి. పంజాబ్ రాష్ట్రంలోని ఝంగ్, సర్గోధా జిల్లాల్లో 33 ఆరోగ్య కేంద్రాలకు క్షయ అనుమానంతో వచ్చిన 1,955 మంది ధూమపాయులను పరిశోధకులు ఎంచుకున్నారు. మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో ఆరు నెలలు పొగ మానినవారు 8.5 శాతం. ఆరోగ్య సిబ్బంది కూర్చోబెట్టి మాట్లాడినవారిలో 41 శాతం. దానికి బుప్రోపియాన్ అనే మందు కూడా జోడిస్తే 45.4 శాతం. దగ్గుతో, భయంతో ఆస్పత్రి మెట్లెక్కిన మనిషి ఆ క్షణంలో వినడానికి సిద్ధంగా ఉంటాడు. ఆ క్షణాన్ని జారవిడవకుండా ఉపయోగించుకోవడంలోనే కిటుకంతా ఉంది.

క్షయకూ పొగకూ ఉన్న లంకె మన దేశంలో తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. తమిళనాడులో పురుషుల మరణాలను పరిశీలించి 2003లో లాన్సెట్‌లో వెలువరించిన అధ్యయనం, పొగ తాగేవారిలో క్షయ మరణాలు తాగనివారికంటే నాలుగు రెట్లు ఎక్కువని తేల్చింది. క్షయతో మరణించిన పురుషుల్లో సగం మంది చావుకు పొగే కారణమన్నది ఆ పరిశోధకుల అంచనా. దేశవ్యాప్త మరణాల ఆధారంగా 2008లో మరో అధ్యయనం వెలువడింది. బీడీ తాగే పురుషులు సగటున ఆరేళ్లు, స్త్రీలు ఎనిమిదేళ్లు, సిగరెట్ తాగే పురుషులు పదేళ్ల ఆయుష్షు కోల్పోతున్నారని అది లెక్కగట్టింది.

చట్టాలకు కొదవ లేదు. బహిరంగ ధూమపానాన్ని 1999లో కేరళ హైకోర్టు, 2001లో సుప్రీంకోర్టు తప్పుపట్టాయి. 2003లో సమగ్ర చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో నిషేధం గట్టిగా అమలులోకి వచ్చింది. 2016 ఏప్రిల్ నుంచి పెట్టెపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మలు తప్పనిసరయ్యాయి. గుట్కాను 2012లో మధ్యప్రదేశ్ మొదలుకొని ఒక్కో రాష్ట్రం నిషేధించగా, వ్యాపారులు పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరో పొట్లంలో కట్టి అమ్మడం నేర్చుకున్నారు. కలుపుకునే శ్రమ కొనుగోలుదారుది! కేవలం నిషేధాలతో వ్యసనం లొంగదనడానికి పొరుగున ఉన్న భూటానే తార్కాణం. 2004లో పొగాకు అమ్మకాలను దేశమంతటా నిషేధించిన ఆ చిన్న రాజ్యం, దొంగరవాణాను అరికట్టలేక, కోవిడ్ వేళ సరిహద్దుల మీదుగా వ్యాధి వస్తుందన్న భయంతో 2020లో అమ్మకాలకు మళ్లీ తలుపులు తెరిచింది. నిషేధం అంగడిని మూయించగలదు గాని, మెదడులోని ఆకలిని మూయించలేదు.

పన్నుల విషయానికి వస్తే సర్కారు తీరు ఇంకా విడ్డూరం. 2025 సెప్టెంబరు 3న జరిగిన జీఎస్టీ మండలి సమావేశం సిగరెట్, గుట్కా, జర్దాల వంటివాటిపై 40 శాతం పన్నుకు సమ్మతించి, బీడీపై పన్నును మాత్రం 28 నుంచి 18 శాతానికి, తునికాకుపై 18 నుంచి 5 శాతానికి దించాలని నిర్ణయించింది. బీడీలు చుట్టి పొట్టపోసుకునే స్త్రీల పేరు చెప్పి ఈ రాయితీని సమర్థిస్తారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో వేలాది కుటుంబాలకు బీడీయే ఆధారమన్నది కాదనలేని నిజం. వారికి కావలసింది కూలి, పింఛను, మరో ఉపాధికి దారి. చవక బీడీ వల్ల వారి కూలి పెరగదు. దాన్ని తాగే కూలివాని ఆయుష్షు మాత్రం తరుగుతుంది. పైగా ఆ చుట్టేవారికీ తాగేవారికీ ఆస్పత్రి ఒకటే. 2017-18లో 35 ఏళ్లు, ఆపై వయసువారిలో పొగాకు వ్యాధులు, మరణాల వల్ల దేశానికి వాటిల్లిన నష్టం రూ.1,77,341 కోట్లు. పొగాకుపై వసూలైన ఎక్సైజ్ పన్ను అందులో 12.2 శాతానికి సరిపోయింది. ఒకపక్క ఆరోగ్య శాఖ పొగాకు మానమంటుంది. మరోపక్క వాణిజ్య శాఖ కింద, 1976 నుంచి గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు సాగునూ ఎగుమతులనూ చూసుకుంటుంది. దేశంలో అతి పెద్ద సిగరెట్ కంపెనీలో ప్రభుత్వ రంగ జీవిత బీమా సంస్థ పెద్ద వాటాదారు. పొగాకు రైతును ఒక్కరోజులో వీధిన పడవేయమని ఎవరూ అనరు. కాని ఈ రాబడిలో కొంతయినా, మానాలనుకునేవారి చికిత్సకు మళ్లించడానికి అడ్డేమిటి?

చికిత్సా మార్గం తెలియక ఆగిపోయిందీ లేదు. 2002లో దేశంలో 13 పొగాకు విముక్తి కేంద్రాలు మొదలయ్యాయి. 2007-08లో జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం వచ్చింది. 2016లో ఉచిత ఫోన్ సలహా సేవ ప్రారంభమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే అత్యవసర మందుల్లో చేర్చిన నికొటిన్ ప్రత్యామ్నాయ చికిత్స, పదమూడేళ్ల ఆలస్యంగా 2022లో మన జాతీయ అత్యవసర మందుల జాబితాకెక్కింది. జాబితాకెక్కడం వేరు, మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు అలమరాలో ఉండటం వేరు. రెండు మిల్లీగ్రాముల నికొటిన్ గమ్ము చీటీ లేకుండానే మందుల దుకాణంలో దొరుకుతుంది. రోజుకు అలాంటివి ఎన్నో నమలవలసి ఉండగా, రోజుకూలీ ఆ ఖర్చు పెట్టి కొంటాడనుకోవడం భ్రమ. బీడీ కట్ట అంతకంటే ఎప్పుడూ చవకే. రాష్ట్ర ప్రభుత్వాలు ఏటా కొనే మందుల్లో ఈ గమ్మును చేర్చి ఉచితంగా అందించాలి. క్షయ కేంద్రాల సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు పొగాకు మాన్పించే సంభాషణలో శిక్షణ ఇవ్వాలి. ముందుగా క్షయ కేంద్రాలతో మొదలుపెడితే కొత్త భవనాలు కట్టవలసిన పని లేదు. అక్కడికి వచ్చే రోగి నెలల తరబడి మందుల కోసం తిరుగుతూనే ఉంటాడు. అతణ్ని బీడీ మానావా అని ప్రతిసారీ అడిగే మనిషి, మానలేకపోతున్నానంటే చేతిలో పెట్టడానికి ఒక మందు, ఈ రెండూ ఆ బల్ల దగ్గర ఉండాలి.